ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియం టూర్: కాంటోనా కోసం వెళ్లాను

మూడు నెలలు ఉండి వెళదామని ఇంగ్లండ్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చాను. వాళ్లుండేది సాల్ఫర్డ్. ముందు ఎక్కడికి వెళదాం అత్తయ్యా అని అల్లుడు అడిగితే ఓల్డ్ ట్రాఫర్డ్ అన్నాను. గుంతకల్లులో 31 ఏళ్లు పిల్లల చేత ఫుట్‌బాల్ ఆడించిన వ్యాయామ ఉపాధ్యాయినిని. మాంచెస్టర్ యునైటెడ్ మైదానం ఇంత దగ్గరగా ఉండగా మరో చోటు నోట రాలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. బ్రహ్మాండంగా ఆడుతూ, ఎవరి మాటా వినని ఆటగాణ్ణి జట్టులో ఉంచుకోవాలా, వదిలించుకోవాలా? ఉద్యోగం చేసినన్నాళ్లూ నన్ను వదలని ప్రశ్న ఇది. 1990లలో ఇక్కడ ఆడిన ఫ్రెంచ్ ఆటగాడు ఎరిక్ కాంటోనా విషయంలో ఈ క్లబ్బు ఆ ప్రశ్నకు చెప్పిన జవాబు అప్పట్లో పత్రికల్లో చదివాను. ఆ జవాబు పుట్టిన చోటును కళ్లారా చూడాలనిపించింది.

టికెట్లు అమ్మాయి ముందుగానే ఆన్‌లైన్‌లో తీసుకుంది. మీరూ అలాగే చేయండి. మ్యాచ్ ఉన్న రోజున టూర్ ఉండదు. ట్రామ్‌లో వెళ్లేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఓల్డ్ ట్రాఫర్డ్ అనే పేరున్న స్టాప్ క్రికెట్ మైదానం పక్కన ఉంటుంది. 1990లో సచిన్ తొలి టెస్టు సెంచరీ కొట్టింది, 2019 ప్రపంచకప్ సెమీఫైనల్లో ధోనీ రనౌట్ అయింది అక్కడే. మా అల్లుడు ఆ గేటు ముందు చాలాసేపు నిలబడిపోయాడు. అక్కడి నుంచి ఫుట్‌బాల్ స్టేడియానికి పది నిమిషాల నడక.

లోపలికి వెళ్లేముందు తూర్పు స్టాండు బయట ఆగండి. రోడ్డుకు ఒక పక్క ఒకప్పుడు జట్టును నడిపిన మేనేజర్ మాట్ బస్బీ విగ్రహం, ఎదురుగా అతని ఆటగాళ్లు జార్జ్ బెస్ట్, డెనిస్ లా, బాబీ చార్ల్‌టన్ ముగ్గురూ భుజాల మీద చేతులు వేసుకుని నిలబడిన విగ్రహం ఉన్నాయి. క్లబ్బు 1968లో యూరోపియన్ కప్పు గెలిచి 40 ఏళ్లు నిండిన సందర్భంగా 2008లో దీన్ని పెట్టారు. నా చూపు బెస్ట్ దగ్గరే ఆగింది. 17 ఏళ్లకు జట్టులోకి వచ్చాడు. క్లబ్బు తరఫున 470 మ్యాచ్‌లు ఆడి 179 గోల్స్ కొట్టాడు. 1971 జనవరిలో చెల్సీతో మ్యాచ్‌కు వెళ్లాల్సిన రైలు ఎక్కలేదు. రెండు వారాలు సస్పెండ్ చేశారు. ఆ తర్వాత ప్రాక్టీసుకు రావడమే మానేయసాగాడు. మందలిస్తూ, క్షమిస్తూ, మళ్లీ మందలిస్తూ మూడేళ్లు గడిపారు. 1974 జనవరి 1న అతని చివరి మ్యాచ్ అయిపోయింది. అప్పటికి అతని వయసు 27. ఆ బస్బీ అతన్ని కన్నకొడుకులా చూశాడంటారు. ఇప్పుడు ఇద్దరూ రోడ్డుకు అటూ ఇటూ ఎదురెదురుగా ఉన్నారు. అది చూశాక లోపలికి వెళ్లడానికి నాకు కాస్త సమయం పట్టింది.

టూర్ గంటకు పైగా సాగుతుంది, మ్యూజియానికి మరో గంట ఉంచుకోండి. మ్యూనిక్ గడియారం, 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో జట్టు ఎక్కిన విమానం ప్రమాదంలో పోయిన 23 మంది స్మృతిచిహ్నం, మ్యూనిక్ సొరంగం దగ్గర అందరం మాట్లాడకుండా నడిచాం. పోయినవారిలో ఎనిమిది మంది ఆటగాళ్లు. డ్రెస్సింగ్ గది, 1910 నాటి కట్టడంలో మిగిలిన, ఆటగాళ్లు మైదానంలోకి వచ్చిన పాత సొరంగం, చివరికి మైదానం అంచు. గడ్డి మీద అడుగు పెట్టనివ్వరు, అది న్యాయమే. దాదాపు 74 వేల కుర్చీలు చుట్టూ ఖాళీగా ఉన్నప్పుడు ఆ నిశ్శబ్దాన్ని వినాలి.

మా గైడు డెబ్భై దాటిన పెద్దాయన. ఈ టూర్‌కు పెట్టిన డబ్బులో సగం విలువ ఆయనదే. కంఠతా పట్టిన పాఠంలా చెప్పలేదు. యాస నాకు అందనిచోట అమ్మాయి తెలుగులో చెబుతుంటే ఆగి, మళ్లీ మొదలుపెట్టేవారు. గడ్డి పక్కన నిలబడి ఉన్నప్పుడు అడిగాను: “ఆ తన్ను తర్వాత కాంటోనాను అమ్మేయాలని మీకు అనిపించలేదా?” ఆయన వెంటనే అన్నారు: “అనిపించింది. ఆ రాత్రి మా ఇంట్లో గట్టిగానే అన్నాను. అక్టోబర్‌లో అతను తిరిగొచ్చిన రోజు ఇక్కడే లేచి నిలబడ్డాను.”

తెలియనివారి కోసం చెబుతాను. 1995 జనవరి 25న క్రిస్టల్ ప్యాలెస్‌తో మ్యాచ్ లండన్‌లో. ప్రత్యర్థిని తన్నినందుకు కాంటోనాకు ఎర్రకార్డు చూపించారు. బయటికి వెళుతుంటే ప్రేక్షకుల్లో ఒకడు తిట్టాడు. కాంటోనా అడ్డుకంచె మీదుగా ఎగిరి అతని ఛాతీ మీద తన్నాడు. తిట్టినవాడిది తప్పే. అయినా ఆ తన్నును నేను ఒక్క క్షణం కూడా సమర్థించను. నా విద్యార్థి అలా చేసి ఉంటే ఆ రోజే ఇంటికి పంపేదాన్ని. పైగా అది మొదటి తప్పు కాదు. ఫ్రాన్స్‌లో ఉండగా రిఫరీ మీదికి బంతి విసిరాడు, శిక్ష వేసినవారినే తిట్టి రెట్టింపు శిక్ష తెచ్చుకున్నాడు. 1994 మార్చిలో వరుసగా రెండు మ్యాచ్‌ల్లో ఎర్రకార్డు తిన్నాడు.

క్లబ్బు అతన్ని ఆ సీజన్ చివరిదాకా పక్కన పెట్టి 20 వేల పౌండ్ల జరిమానా వేసింది. ఇంగ్లండ్‌లో ఆటను నడిపే ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్ఏ) ఆ నిషేధాన్ని సెప్టెంబర్ 30 దాకా పొడిగించి, మరో పదివేలు కట్టమంది. కోర్టు రెండు వారాల జైలు అంది. అప్పీలులో అది 120 గంటల సమాజ సేవగా మారింది. ఆ గంటలు అతను సాల్ఫర్డ్‌లో అప్పట్లో జట్టు ప్రాక్టీసు చేసిన క్లిఫ్ మైదానంలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతూ పూర్తిచేశాడు. ఇంత మంచి శిక్షను నేను మరోచోట వినలేదు. కోపం అణచుకోలేని మనిషికి పిల్లలను అప్పగించి, వాళ్ల ముందు ఓపికగా నిలబడమన్నారు. టూర్ అయిన రెండు రోజులకు క్లిఫ్‌కు కూడా వెళ్లి, బయట నిలబడి చూసి వచ్చాను.

అతన్ని ఉంచుకున్నందుకు క్లబ్బు మూల్యం కూడా చెల్లించింది. అతను లేని ఆ సీజన్‌లో లీగ్ టైటిల్ ఒక్క పాయింటు తేడాతో బ్లాక్‌బర్న్‌కు పోయింది. ఎఫ్ఏ కప్పు ఫైనల్ ఎవర్టన్ చేతిలో పోయింది. ఇక చాలు, పంపేయండి అనడానికి అంతకంటే ఏం కావాలి? ఆగస్టులో మరో గొడవ. నిషేధంలో ఉండగా తలుపులు మూసుకుని ఆడిన ప్రాక్టీసు మ్యాచ్‌పై కూడా అసోసియేషన్ ఆరా తీయడంతో కాంటోనా విసిగిపోయి, నన్ను పంపేయండి అని తానే అడిగాడు. అప్పుడు జట్టు మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ ప్యారిస్ వెళ్లాడు. విలేకరుల కంటపడకుండా హోటల్ వెనకవైపు నుంచి మోటార్‌సైకిల్ వెనక కూర్చుని ఒక రెస్టారెంటుకు వెళ్లి, అతనితో కూర్చుని మాట్లాడి వెనక్కి తీసుకొచ్చాడు.

నాకు ఈ కథలో గోల్స్‌కంటే ఆ ప్రయాణమే పెద్దది. ఎందుకో చెప్పాలి. నా దగ్గర ఒక పిల్లవాడు ఉండేవాడు, ఎడమకాలితో బంతిని దారం కట్టినట్టు నడిపేవాడు. జిల్లా పోటీలకు ముందు ఒక మ్యాచ్‌లో ఆఫ్‌సైడ్ ఇచ్చాడని లైన్ దగ్గర నిలబడిన మాస్టారి మీదికి బంతి తన్నాడు. జట్టులో నుంచి పేరు కొట్టేశాను. అందులో తప్పేమీ లేదు. కానీ మర్నాటి నుంచి వాడు మైదానానికి రాలేదు. వాళ్ల ఇల్లు మా బడికి రెండు వీధుల అవతల. నేను వెళ్లలేదు. క్రమశిక్షణ నేర్పానని అనుకున్నాను. ఒక మనిషి ఆటగాడి కోసం దేశం దాటి వెళ్లాడు, నేను రెండు వీధులు దాటలేదు. ఆ మైదానం అంచున నిలబడి ఇదే గుర్తుచేసుకున్నాను.

1995 అక్టోబర్ 1న కాంటోనా తిరిగి ఆడాడు, ఇదే మైదానంలో, లివర్‌పూల్ మీద. రెండో నిమిషంలోనే నికీ బట్ గోలుకు పాస్ ఇచ్చాడు. తర్వాత పెనాల్టీ కొట్టి గోలు స్తంభం పట్టుకుని ఊగాడు. ఆ సీజన్‌లో ఒక దశలో న్యూకాజిల్ 12 పాయింట్లు ముందుంది. మార్చి 4న వాళ్ల మైదానంలోనే 1-0తో ఓడించారు, ఆ గోలు కాంటోనాది. లీగ్ గెలిచారు. మే 11న ఎఫ్ఏ కప్పు ఫైనల్లో కెప్టెన్‌గా చివరి నిమిషాల్లో అతను కొట్టిన ఒక్క గోలుతో లివర్‌పూల్ మీద గెలిచారు. ఇతన్ని 1992 నవంబర్‌లో 12 లక్షల పౌండ్లకు యునైటెడ్‌కు అమ్మేసిన లీడ్స్ క్లబ్బు అప్పటికి లీగ్ ఛాంపియన్. అతన్ని అమ్మిన ఆ సీజన్ ముగిసేసరికి 17వ స్థానంలో ఉంది.

అయితే ప్రతిభ ఉంటే చాలు, ఎవరినైనా ఉంచుకోవాలంటారా అని అల్లుడు అడిగాడు. లేదు. ప్రాక్టీసు చూడాలి. కాంటోనా అందరి ప్రాక్టీసు అయ్యాక కూడా మైదానంలో ఉండి సాధన చేసేవాడు. బెకమ్, స్కోల్స్, నెవిల్ లాంటి కుర్రాళ్లు అతన్ని చూసి తామూ ఉండిపోవడం మొదలుపెట్టారు. అతని కోపం జట్టుకు నష్టం చేసింది, అతని సాధన జట్టును పెంచింది. బెస్ట్ విషయంలో సాధనే పోయింది.

ఇదే ఊళ్లో మాంచెస్టర్ సిటీ అనే మరో క్లబ్బు ఇటలీ ఆటగాడు మారియో బాలొటెల్లిని 2010లో కొని 2013 జనవరిలో మిలాన్‌కు అమ్మేసింది. నా లెక్కలో అది సరైన పని. 2012 మే 13న 44 ఏళ్ల తర్వాత లీగ్ తెచ్చిన అగ్వేరో గోలుకు పాస్ ఇచ్చింది బాలొటెల్లే, కాదనను. కానీ అదే సీజన్‌లో నిషేధాల వల్ల 11 మ్యాచ్‌లకు దూరమయ్యాడు. బాలొటెల్లిని అతని 17 ఏళ్ల వయసు నుంచి ఎరిగిన రాబెర్తో మాన్చినీయే మేనేజర్‌గా ఉన్నా అతన్ని దారిలో పెట్టలేకపోయాడు. చేయవలసినవాళ్లు చేసి చూశాక పంపేయడంలో తప్పు లేదు. చేయకుండా పంపేయడమే తప్పు.

టూర్‌కు నా మార్కులు ఐదుకు ఐదు. మెట్లు చాలానే ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవారు బుక్ చేసేటప్పుడే సంగతి చెప్పి, ఏ ఏర్పాటు ఉందో కనుక్కోండి. గొడుగు, స్వెట్టర్ తీసుకెళ్లండి. ఫుట్‌బాల్ తెలియని పెద్దవాళ్లకు మ్యూజియం ముందు చూపించి, టూర్ తర్వాత పెట్టండి, కథ తెలిసి నడిస్తే గోడలు కూడా మాట్లాడతాయి.

తిరుగు ట్రామ్‌లో తొమ్మిదేళ్ల మనవడు అడిగాడు: “అమ్మమ్మా, కాంటోనా నీ టీములో ఉంటే ఏం చేసేదానివి?” ఆ ఏడాది మ్యాచ్‌లు ఆడనిచ్చేదాన్ని కాదు, రోజూ పొద్దున్నే నాతో పాటు మైదానానికి సున్నం గీతలు గీయించేదాన్ని అన్నాను. ఒకవేళ రాకపోతే? అన్నాడు. వాళ్లింటికి వెళ్లి తీసుకొచ్చేదాన్ని అన్నాను.