అభిమానానికీ వెల కట్టే చోటు: శ్రీకాకుళంలో ఒక సెకండ్‌హ్యాండ్ కార్ల దుకాణం

శ్రీకాకుళం పట్టణం నుంచి జాతీయ రహదారి ఎక్కే దారిలో ఉన్న ఈ సెకండ్‌హ్యాండ్ కార్ల దుకాణంలో ముందుగా ఆకట్టుకునేది బండ్లను నిలబెట్టిన తీరు. ఇలాంటి చోట్ల మామూలుగా ధర ప్రకారమో, మోడల్ సంవత్సరం ప్రకారమో వరుసలు కడతారు. ఇక్కడ మాత్రం ప్రత్యర్థులనే పక్కపక్కన పెట్టారు: స్విఫ్ట్ పక్కన ఐ20, బ్రెజా పక్కన నెక్సాన్, క్రెటా పక్కన సెల్టాస్, బొలేరో పక్కన సుమో. రెండు తాళాలూ ఒకేసారి చేతికిచ్చి, రెండు బండ్లనూ ఒకే రోడ్డు మీద నడిపి చూసుకోమంటారు కాబట్టి, ఇంట్లో బావమరిది చెప్పిన మాటకూ స్టీరింగు పట్టుకున్నాక మనకు తెలిసినదానికీ ఎంత దూరమో అక్కడికక్కడే తేలిపోతుంది. ఈ ఒక్క ఏర్పాటు కోసమైనా ఈ దుకాణానికి వెళ్ళమని చెబుతాను. ధరల దగ్గర మాత్రం నిదానించాలి. ఇక్కడ చెప్పే వెలలో బండి విలువ కొంత ఉంటే, ఆ బ్రాండుకు జిల్లాలో ఉన్న అభిమానుల విలువ మరికొంత ఉంటుంది.

దుకాణాన్ని నడిపేది మేనమామ, మేనల్లుడు. మామ మారుతీ పక్షం, అల్లుడు టాటా పక్షం. ఆ సంగతి దాచుకోవాలని ఇద్దరికీ లేదు. "మారుతీ కొంటే రేపు ఇచ్ఛాపురంలో అమ్మకానికి పెట్టినా గంటలో పోతాది బాబూ" అని మామ మొదలుపెడితే, "మనిషి ఉంటే కదా మావా రీసేలు" అని అల్లుడు అడ్డుతగులుతాడు. 2024లో దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా అమ్ముడైన కారు టాటా పంచ్ అనీ, సుమారు నలభై ఏళ్ళుగా ఆ స్థానంలో ఉంటూ వచ్చిన మారుతీ బండి రెండో స్థానానికి దిగిందనీ రాసిన పత్రికా కత్తిరింపు అల్లుడి బల్ల వెనక గోడకు అంటించి ఉంది. మొత్తం అమ్మకాల్లో ఇప్పటికీ మొదటి కంపెనీ ఏదో ఆ కాగితంలో రాయలేదేమని మామ అడుగుతూనే ఉంటాడు. ఇది నిజమైన అభిప్రాయభేదమో, కొనేవాణ్ని కూర్చోబెట్టే వ్యాపారపు నేర్పో నాకు అంతుబట్టలేదు. ఏదైనా, రెండు వైపుల వాదనా ఒకే బల్ల దగ్గర వినడం కొనేవాడికి లాభమే.

ఈ అభిమానాల పుట్టుక తెలిస్తే ఇక్కడి ధరలు సులువుగా అర్థమవుతాయి. ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్, బొంబాయిలో ప్రీమియర్ సంస్థ తయారుచేసిన ఫియట్, తరవాతి పేరుతో పద్మిని, ఈ రెండే మన పెద్దల కాలంలోని పెద్ద పోటీ. 1983 డిసెంబరులో మారుతీ 800 వచ్చాక ఆ పోటీ చప్పబడిపోయింది, జిల్లాలో చాలా ఇళ్ళకు మొదటి కారు మారుతీయే అయింది. 1998లో హ్యుందయ్ శాంత్రో, టాటా ఇండికా ఒకే ఏడాది బయటికి రావడంతో అసలైన పక్షాలు ఏర్పడ్డాయి. ఇవాళ కారు కొంటున్న నడివయసు మనిషి ఏ పక్షమో తెలియాలంటే, వాళ్ళ నాన్నగారు అప్పట్లో ఏ బండి నడిపారో అడిగితే చాలు.

మారుతీ బండికి ఇక్కడ అదనంగా చెప్పే ధరను మొదట వట్టి మూఢాభిమానమనుకునే అవకాశం ఉంది, కాని లెక్క వేసి చూస్తే అది పూర్తిగా అలాంటిది కాదు. నరసన్నపేట, టెక్కలి, పలాస, పాలకొండ, రాజాం, ఏ ఊరి మెకానిక్కు దగ్గరికి వెళ్ళినా స్విఫ్ట్ క్లచ్ ప్లేటు ఆ పూటకే దొరుకుతుంది, దాన్ని బిగించడం వచ్చిన కుర్రాడూ దొరుకుతాడు. ఒక బ్రాండుకు అభిమానులు ఎక్కువైతే ఆ బండ్లు ఎక్కువవుతాయి, బండ్లు ఎక్కువైతే సామాను నిలవచేసే కొట్లూ, చేయి తిరిగిన మెకానిక్కులూ ఎక్కువవుతారు. పలాస దాటాక రాత్రివేళ బండి ఆగిపోతే మనకు పనికొచ్చేది ఆ అభిమానమే. కాబట్టి ఆ అదనపు ధరలో కొంత న్యాయం ఉంది. ఎంత వరకు అన్నదే బేరం.

న్యాయం లేని అదనపు ధర కూడా ఇదే దుకాణంలో కనిపిస్తుంది. ఒకే ఏడాది మోడల్ బలేనో, గ్లాంజా పక్కపక్కన ఉండగా, గ్లాంజాకు బాగా ఎక్కువ చెప్పారు. మారుతీ సుజుకి తయారుచేసిన బలేనోనే టయోటా 2019 నుంచి తన ముద్ర వేసి గ్లాంజా పేరుతో అమ్ముతున్నది. ఇంజను, గేరుబాక్సు, లోపలి అమరిక అన్నీ అవే, ముందు గ్రిల్లూ ముద్రా మాత్రం వేరు. కొత్తగా ఉన్నప్పుడు టయోటా ఇచ్చిన వారంటీ మెరుగైనదే, కాని గడువు తీరిపోయిన బండిలో దానికి విలువ కట్టడం కుదరదు. అడిగితే మామ నవ్వి, "టయోటా అంటే ఆ పేరే వేరండీ" అన్నాడు. ఆయన నిజాయితీకి మెచ్చుకోవాలి, ధరకు మాత్రం తలూపకూడదు.

దీనికన్నా రుచికరమైన వరుస డీజిల్ బండ్లది. స్విఫ్ట్ డీజిల్, ఇండికా విస్టా, ఫియట్ పుంటో, ఈ మూడింటి బానెట్లు ఎత్తించి చూశాను. మూడింటిలోనూ ఉన్నది ఫియట్ రూపొందించిన 1248 సీసీ మల్టీజెట్ ఇంజనే. సుజుకి దాన్ని లైసెన్సు మీద మానేసర్‌లో తయారుచేసి డీడీఐఎస్ అని పిలిచింది, టాటా క్వాడ్రాజెట్ అని పిలిచింది, ఫియట్ తన సొంత పేరే ఉంచుకుంది. ఇరుపక్షాల అభిమానులూ మా ఇంజను గొప్పదంటే మాది గొప్పదని కొట్లాడుకున్న రోజుల్లో, వారు పొగిడినదీ తిట్టినదీ ఒకే యంత్రాన్ని. అయినా ఇక్కడ స్విఫ్ట్ ధర అన్నిటికన్నా పైన, విస్టా మధ్యన, పుంటో అట్టడుగున ఉన్నాయి. పుంటో నడవడి మూడింటిలోనూ దిట్టమైనదని రహదారి మీద నడిపినవారెవరైనా ఒప్పుకుంటారు. కాని ఫియట్ మన దేశంలో కార్ల అమ్మకం మానుకున్నది కాబట్టి, ఇంజను సామాను దొరికినా తలుపు అద్దమో బంపరో కావాలంటే ఊళ్ళు తిరగాలి. సొంతంగా వెతుక్కునే ఓపిక ఉన్నవారికి అది మంచి బేరం, మిగిలినవారు చూసి ఆనందించి రావచ్చు.

అల్లుడి వాదన అంతా భద్రత చుట్టూ తిరుగుతుంది, దానికి అతను చూపే మొదటి సాక్ష్యం తలుపు చప్పుడు. టాటా నెక్సాన్ తలుపును దబ్బున వేసి వినిపిస్తాడు, వెంటనే మారుతీ స్విఫ్ట్ తలుపు వేసి మన ముఖం చూస్తాడు. వినడానికి బాగుంటుంది గాని, తలుపు చప్పుడుకీ ప్రమాదంలో బండి తట్టుకునే శక్తికీ నేరుగా సంబంధం లేదు. తలుపు బరువు, రబ్బరు బీడింగు, లాకు బిగింపు ఆ చప్పుడును తేలుస్తాయి. కార్ల భద్రతను పరీక్షించే అంతర్జాతీయ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ వారు గంటకు 64 కిలోమీటర్ల వేగంతో బండి ముందుభాగాన్ని ఒక పక్కగా అడ్డుగోడకు గుద్దించి, లోపలి బొమ్మలకు తగిలిన దెబ్బలనూ క్యాబిన్ చట్రం నిలిచిన తీరునూ కొలుస్తారు. ఆ పరీక్షలో 2018 డిసెంబరులో నెక్సాన్ 5 నక్షత్రాలు సాధించి, ఆ స్థాయి అందుకున్న తొలి భారతీయ తయారీ కారు అయింది. అదే ఏడాది పరీక్షించిన స్విఫ్ట్‌కు 2 నక్షత్రాలే దక్కాయి. లారీల మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద రోజూ తిరిగేవారు ఈ తేడాను తేలిగ్గా తీసుకోకూడదని నేనూ అంటాను. అయితే అల్లుడు చెప్పకుండా దాటవేసే సంగతి ఒకటుంది: ఆ 2018లోనే మారుతీ విటారా బ్రెజాకు 4 నక్షత్రాలు వచ్చాయి. 2024లో మారుతీదే కొత్త డిజైర్ 5 నక్షత్రాలు తెచ్చుకుంది. భద్రతను బ్రాండు ముద్రను బట్టి కాక ఆ మోడల్‌ను, ఆ ఏడాదిని బట్టి చూడాలి. 2023 డిసెంబరు నుంచి మన దేశపు పరీక్ష భారత్ ఎన్‌క్యాప్ ఫలితాలు కూడా అందుబాటులోకి వచ్చాయి కాబట్టి, కొత్త మోడళ్ళ విషయంలో ఫోనులో చూసుకోవడానికి ఎంతోసేపు పట్టదు. ఇంకొక్క మాట: ఆ నక్షత్రాలన్నీ కొత్త బండికి ఇచ్చినవి. ఒకసారి గట్టిగా గుద్దుకుని డెంటింగూ పెయింటింగూ చేయించుకున్న బండికి అవి వర్తిస్తాయని ఎవరూ హామీ ఇవ్వరు.

వెనక వరుసలో ఒక చిత్రం ఉంది. ఫోర్డ్ ఎకోస్పోర్ట్ ఒకటి, షెవర్లే బీట్ ఒకటి భుజాలు రాసుకుంటున్నాయి. అమెరికాలో ఈ రెండు పేర్ల పోటీ తరతరాలది. 1964లో ఫోర్డ్ మస్టాంగ్ తెస్తే, 1966లో షెవర్లే కమారో తెచ్చి జవాబు చెప్పింది, ఆ రెండు బండ్ల అభిమానులు ఇప్పటికీ ఒకరి ముఖం ఒకరు చూసుకోరని చెప్పుకుంటారు. మన దేశంలో షెవర్లే అమ్మకాలు 2017తో ఆగిపోయాయి, ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది, సాణంద్‌లోని ఫోర్డ్ కర్మాగారం చివరకు టాటా చేతికి వెళ్ళింది. ఎకోస్పోర్ట్ యజమానులు మాత్రం తమ బండిని వదలరు, ఈ దుకాణంలోనూ దానికోసం అడిగేవారున్నారు. బీట్ కోసం ఎవరూ అడగరని అల్లుడే చెప్పాడు.

బొలేరో, సుమోల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. సీతంపేట, పార్వతీపురం వైపు సర్వీసు తిప్పేవారు కొంటారు. వారి దగ్గర వాదనలుండవు, పట్టే మనుషుల లెక్కే ఉంటుంది. సుమో తయారీ ఆగిపోయింది గనుక ఆ పోటీలో ఇప్పుడు మహీంద్రాదే రాజ్యం. క్రెటా, సెల్టాస్ విషయంలో మరో తమాషా ఉంది. వాటిని తయారుచేసే హ్యుందయ్, కియా రెండూ ఒకే గ్రూపువి, బండ్ల లోపలి సరంజామా చాలావరకు ఉమ్మడిది. అయినా పెనుకొండలో తయారవుతుంది కనుక సెల్టాస్ మన బండి అని వాదించేవారు ఇక్కడా కనిపించారు. పెనుకొండ శ్రీకాకుళానికి రాష్ట్రం ఆ కొసన ఉన్నదన్న సంగతి వారికి అడ్డు రాలేదు.

ఇక సేవ సంగతి. సర్వీసు పుస్తకం, బీమా క్లెయిముల వివరం అడగకుండానే ముందు పెట్టడం ఈ దుకాణంలో నాకు బాగా నచ్చింది. మన మెకానిక్కును వెంట తెచ్చుకుంటామంటే ముఖం చిట్లించరు. 2014 నాటి హుద్‌హుద్, 2018 నాటి తిత్లీ తుపానులు చూసిన ప్రాంతం కాబట్టి, అంతకు ముందు మోడల్ బండి ఏదైనా సీటు బెల్టును చివరిదాకా లాగి బురద చార ఉందేమో, సీటు కింది పట్టాలు తుప్పు పట్టాయేమో చూడాలి. చూస్తానంటే అల్లుడే టార్చి తెచ్చిచ్చాడు. ఒడిశా నంబరుతో ఉన్న బండ్లు కొంచెం చవకగా కనిపిస్తాయి గాని, అక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చుకుని ఇక్కడ జీవితకాల పన్ను కట్టేసరికి ఆ చవక కరిగిపోతుంది, ఆ లెక్కను వీరు ముందుగా చెప్పలేదు. ఇది చెప్పి తీరవలసిన సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గి, కొత్త బండ్ల ధరలు దిగివచ్చాయి. పాతవాటి ధర కూడా ఆ మేరకు దిగాలని వాదిస్తే మామ వెంటనే చెవిటివాడైపోతాడు. కొత్త బండి షోరూం కొటేషను జేబులో పెట్టుకుని వెళితే వినికిడి కొంత మెరుగవుతుంది.

నేను తీసుకున్నది 2018 నాటి డీజిల్ బ్రెజా. 4 నక్షత్రాలున్నాయి, సామాను ప్రతి ఊళ్ళోనూ దొరుకుతుంది, ఇంజను ఆ 1248 సీసీదే. మామ తన పక్షం గెలిచిందని టీ తెప్పించాడు. అల్లుడు బానెట్ వైపు చూపించి, "గుండె ఫియట్‌దే కదండీ" అని చల్లగా అన్నాడు. మొదట చెప్పిన ధరలో గణనీయంగానే తగ్గించారు, కాని సర్వీసు పుస్తకంలో రెండు పేజీలు ఖాళీగా ఉండటం చూపించాకే తగ్గించారు.

ఆదివారం వెళ్ళకపోవడం మంచిది. ఆ రోజు కొనేవారికన్నా వాదించేవారు ఎక్కువగా చేరతారు, తాళాలు ఒక పట్టాన చేతికి రావు. 29, 30 నంబరు ఫారాలపై సంతకాలు అదే రోజు పెట్టించారు గాని, ఆర్సీలో పేరు మారడానికి వారు చెప్పినదానికన్నా చాలా ఎక్కువ సమయం పట్టింది, మధ్యలో ఫోను చేస్తే మామ అల్లుణ్ని అడగమనీ అల్లుడు మామను అడగమనీ అన్నారు. బండి మీద అప్పు ఉండి ఉంటే ఫైనాన్సు సంస్థ ఇచ్చే క్లియరెన్సూ, ఆర్సీలోంచి ఆ అప్పును కొట్టేయించే 35వ నంబరు ఫారమూ చేతికి వచ్చాకే పూర్తి సొమ్ము ఇవ్వాలి. ఆర్సీ వచ్చేదాకా కొంత మొత్తం ఆపుకుంటామంటే వీరు ఒప్పుకుంటారు, ఎంత మొత్తమో రసీదు మీద రాయించుకోవాలి.