ఆధార్ బయోమెట్రిక్ లాక్ వాడాక: పది నిమిషాలు బాగుంది, ఓటీపీతోనే తంటా

మన వేలిముద్రతో, ముఖంతో ఇంకెవరూ ఆధార్ వాడకుండా ఆపే బయోమెట్రిక్ లాక్‌లో నాకు బాగా నచ్చింది దానంతటదే పడిపోయే తాళం. సిమ్ కార్డు కోసమో ఇంకో కేవైసీ కోసమో తాత్కాలికంగా అన్‌లాక్ చేస్తే పది నిమిషాలే తెరిచి ఉంటుంది, తర్వాత మనం ముట్టుకోకుండానే మళ్లీ లాక్ అవుతుంది. చాలాకాలంగా వాడుతున్నా, వేయడం మర్చిపోయానేమో అన్న బెంగ మాత్రం లేదు.

ఈ తాళం ఎందుకంటే, ఏఈపీఎస్‌లో, అంటే ఆధార్‌తో బ్యాంకు ఖాతా నుంచి డబ్బు తీసే పద్ధతిలో, డబ్బు తీయడానికి ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. ఒక్కో లావాదేవీకి 10,000 రూపాయల దాకా పోవచ్చు. వేలిముద్ర ఎక్కడ దొరుకుతుందంటారా? 2018లో తెలంగాణలో బయటపడ్డ కేసులో, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోని భూమి దస్తావేజుల నుంచే ముద్రలు తీసి, రబ్బరు నకళ్లు చేసి, సిమ్‌లు యాక్టివేట్ చేశారు. 2023లో ముద్రతో పాటు వేలి చిత్రాన్ని కూడా సరిచూసే పద్ధతి వచ్చింది కాబట్టి నకలు కాస్త కష్టమే. అయినా నేను తాళం తీసేయలేదు.

వేసే పద్ధతి తేలిక. మైఆధార్ పోర్టల్‌లో ఓటీపీతో లాగిన్ అయ్యి ‘లాక్/అన్‌లాక్ బయోమెట్రిక్స్’ నొక్కితే వేలిముద్ర, కనుపాప, ముఖం మూడూ ఒకేసారి ఆగిపోతాయి. ఓటీపీతో జరిగే కేవైసీ మాత్రం మామూలుగానే నడుస్తుంది. పక్కనే ఉండే ఆధార్ నంబరు లాక్ వేరే సంగతి. అది వేస్తే, ఆధార్ నంబరుకు బదులు వాడే 16 అంకెల వీఐడీ లేకుండా పని కాదు. తొందరలో ఒకటి అనుకుని ఇంకోటి నొక్కకండి.

ఇక అసలు చిక్కు. లాక్ ఉండగా వేలు పెడితే మిషన్ 330 అనే ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. రేషన్ షాపులో దాన్ని చదివేదెవరు? ‘ముద్ర పడట్లేదు’ అంటారు. వేలు తుడిచి, కాస్త తడిచేసి, రెండో చేతి బొటనవేలు పెట్టి, చివరికి సర్వర్ మీద తోసేసి రేపు రమ్మంటారు. 330 కనబడితే వేలిని ఎంత తుడిచినా లాభం లేదు, తాళం తీయాలి. కార్డులో ఉన్న ఇంకొకరు ఎవరైనా ముద్ర వేసినా బియ్యం వస్తాయి కనుక రేషన్‌తో పెద్ద ఇబ్బంది లేదు. పింఛను అలా కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చినప్పుడు ఆ పెద్దాయనే ముద్ర వేయాలి. ఆధార్‌కి ఇచ్చిన నంబరు ఆయన బటన్ ఫోన్‌లో ఉంటే, పోర్టల్ తెరిచేది హైదరాబాద్‌లో ఉన్న కొడుకు. అంటే ఆయన ఓటీపీని ఫోన్‌లో చదివి చెప్పాలి. ‘ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు నాన్నా’ అని నేర్పింది ఆ కొడుకే! నెలనెలా ఇలా చెప్పించుకుంటూ పోతే బ్యాంకు వాడినని ఫోన్ చేసే మోసగాడి పని సులువు చేసినట్టే. లాక్ బాగుందన్న నా మాట పెద్దవాళ్ల దగ్గర ఇక్కడే సగమైపోతుంది.

అలాంటి ఇంట్లో నేనైతే లాక్ జోలికి పోను. పింఛను తీసుకునే వారి ఆధార్ లింకైన ఖాతాల్లో ఖర్చుకు సరిపడా ఉంచి, మిగతాది ఎఫ్‌డీలో వేయమంటాను. నవంబరులో ముఖంతో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రిటైరైన ఉద్యోగులకు సొంత స్మార్ట్‌ఫోన్ ఉంటే లాక్ పర్వాలేదు, ఆ పూట పది నిమిషాలు తీస్తే సరిపోతుంది.

ఊహించని మేలు ఒకటుంది. పోర్టల్‌లోని ‘అథెంటికేషన్ హిస్టరీ’లో ఆరు నెలల వరకు ఎవరు, ఏ రోజు, ఏ సమయానికి అడిగారో, ఏ ఎర్రర్ వచ్చిందో కనబడుతుంది. మీరు ఎక్కడా వేలు పెట్టని రోజున 330తో ఫెయిలైన వరుస కనబడితే ఎవరో ప్రయత్నించారన్నమాట. విజయవంతమైన వరుస ఉండి డబ్బు పోయుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. తప్పు మీది కానప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మీ మీద పడకూడదని రిజర్వ్ బ్యాంక్ 2017 నిబంధన. ఆ వరుసను స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదుకి జతచేయండి.