ఈఎస్‌జీఆర్ ఆంబుడ్స్‌మన్ సర్వీస్: ఫ్రీ, పనికొస్తుంది, కానీ లాయర్ అనుకోకండి

అమెరికాలో పార్ట్‌టైమ్ సైన్యమైన నేషనల్ గార్డ్‌లోనో రిజర్వ్‌లోనో ఉంటూ ఇంకోపక్క మామూలు జాబ్ చేసుకునేవాళ్ళకి ఇది తెలిసుండాలి. ఈఎస్‌జీఆర్ అనేది డిఫెన్స్ డిపార్ట్‌మెంట్ వాళ్ళది, 1972 నుంచి ఉంది. మిలిటరీ డ్యూటీ వల్ల జాబ్‌లో గొడవొస్తే వీళ్ళ ఆంబుడ్స్‌మన్, అంటే మధ్యవర్తి, మనతో, కంపెనీతో మాట్లాడతారు, పైసా తీసుకోరు.

మావారు మిలిటరీ డ్యూటీ నుంచి తిరిగొచ్చాక ఆఫీసులో మీ పోస్ట్ వేరేవాళ్ళకి ఇచ్చేశాం, కిందది ఖాళీగా ఉంది చేరండి అన్నారు, అప్పుడు వీళ్ళకి కాల్ చేశాం. ఆంబుడ్స్‌మన్ ఎవరి పక్షమూ మాట్లాడరు, మొదట్లో అదే నాకు ఒళ్ళు మండింది, మనకి అన్యాయం జరిగితే మధ్యస్థం ఏంటి అని. కానీ ఆయన హెచ్‌ఆర్‌తో కూర్చుని మిలిటరీ డ్యూటీకి వెళ్ళొచ్చినవాళ్ళ జాబ్‌ని కాపాడే 1994 నాటి యూసెర్రా చట్టం ఏం చెప్తుందో ఓపిగ్గా వివరించారు, అంటే మనిషి డ్యూటీకి వెళ్ళకుండా ఇక్కడే ఉండుంటే ఈపాటికి ఏ పొజిషన్‌కి ఏ జీతానికి వచ్చేవాడో అక్కడే పెట్టాలి, సీనియారిటీతో సహా. దాంతో కంపెనీవాళ్ళు దిగొచ్చారు. గొడవ లేకుండా తేలింది, రేపు అదే ఆఫీసులో పనిచేయాలి కదా మరి!

మైనస్ ఏంటంటే వీళ్ళకి ఆర్డర్ వేసే పవర్ లేదు, కంపెనీ మొండికేస్తే లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఇలాంటి కంప్లైంట్లు చూసే వెట్స్ (VETS) అనే విభాగం వాళ్ళకి కంప్లైంట్ పెట్టాలి, లేదంటే లాయరే.

గడువులు చూసుకోండి, మిలిటరీ డ్యూటీ 31 నుంచి 180 రోజులైతే అది ముగిశాక 14 రోజుల్లో, 180 దాటితే 90 రోజుల్లో మళ్ళీ జాబ్‌కి అప్లై చేయాలి. డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ జీతం ఇచ్చి తీరాలని మాత్రం చట్టంలో లేదు, అది కంపెనీ పాలసీ.

5కి 4 స్టార్లు.