ఐ5 స్టిక్కర్ చూసి పాత ల్యాప్‌టాప్ కొనకండి: పర్లాకిమిడి, గుణుపురం వైపు వారికి హెచ్చరిక

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో ఉంటూ, పిల్లల చదువు కోసం విశాఖపట్నంలోనో శ్రీకాకుళంలోనో బరంపురంలోనో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనాలని చూస్తున్న వారందరికీ ఈ మాట. ‘కోర్ ఐ5, విండోస్ 11, ఒరిజినల్’ అని దుకాణదారు చెప్పగానే డబ్బు కట్టకండి. మొదటి రెండూ సగం నిజాలు, మూడోది పూర్తి అబద్ధం కావచ్చు. మా మేనకోడలికి అంటగట్టిన యంత్రంలో సరిగ్గా అదే జరిగింది.

అక్కా వాళ్లది కాశీనగర్. అమ్మాయి గుణుపురంలో ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతోంది. ల్యాబ్ పనులకు సొంత ల్యాప్‌టాప్ ఉండాలన్నారు. కొత్తది కొనే స్తోమత లేదు. విశాఖపట్నంలో ఆఫీసుల నుంచి వచ్చిన పాత ల్యాప్‌టాప్‌లు అమ్మే ఒక దుకాణానికి బావగారు వెళ్లి, 18,000 రూపాయలు కట్టి తెచ్చారు. వెళ్లే ముందు వాట్సాప్‌లో వివరాలు అడిగితే దుకాణదారు ఇచ్చిన జవాబు ఇప్పటికీ ఫోనులో ఉంది: 2021 మోడల్, ఐ5, విండోస్ 11 ఒరిజినల్, ఆరు నెలల షాపు వారంటీ. చేతిలో పెట్టింది మాత్రం ‘ఎస్టిమేట్’ అని అచ్చేసిన చీటీ. దాని మీద జీఎస్టీ నంబర్ లేదు, యంత్రం సీరియల్ నంబర్ లేదు. ఫిర్యాదు నడుస్తోంది కనుక దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే సరుకును ఇవే మాటలతో అమ్మే చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి, ఒక్క పేరు తెలిసినంత మాత్రాన ఎవరూ నిశ్చింతగా ఉండలేరు కూడా.

పైకి చూస్తే ఏ లోపమూ కనిపించదు. మూత మీద కొత్త రేకు అతికించారు, కీబోర్డు మెరుస్తోంది, తెర బాగుంది. కాలేజీలో చెప్పిన ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే, విండోస్ వెర్షన్ పాతదని అది మొరాయించింది. ‘అప్‌డేట్ నొక్కితే ఏమీ రావడం లేదు, ఒకసారి చూడు మావయ్యా’ అంటూ అమ్మాయి నా దగ్గరికి తీసుకొచ్చింది.

తెరిచి చూస్తే ప్రాసెసర్ ఐ5-6300యు, అంటే ఇంటెల్ ఆరో తరం చిప్. ఇంటెల్ దాన్ని విడుదల చేసింది 2015లో. అడుగున ఉన్న సీరియల్ నంబరును తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో ఇస్తే, వారంటీ 2016లో మొదలైందని వచ్చింది. అంటే 2021 మోడల్ అన్నది కల్పన. లోపల ఉన్నది విండోస్ 11లో 22హెచ్2 అనే వెర్షన్. ఇళ్లలో వాడే ఎడిషన్లకు దాని భద్రతా అప్‌డేట్లు 2024 అక్టోబరు 8తోనే ఆగిపోయాయి. పైగా అప్‌డేట్లు తెచ్చే సర్వీసునే ఆపేసి ఉంచారు, కొన్నవారికి అనుమానం రాకూడదని. లైసెన్సు సంగతి ఇంకా ఘోరం. మైక్రోసాఫ్ట్ సర్వర్‌లా నటించే ఒక పైరసీ పనిముట్టుతో యాక్టివేట్ చేసి, ఆ ఫైళ్లున్న ఫోల్డరును వైరస్ తనిఖీ నుంచి పూర్తిగా మినహాయించారు. ఆ ఫోల్డరులోకి ఏది వచ్చి చేరినా యంత్రం గుర్తించదు.

అమ్మాయి ఆ ల్యాప్‌టాప్‌లోనే స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపింది, ఆధార్ కాపీలు దాచుకుంది, వాళ్లమ్మ బ్యాంకు ఖాతా కూడా తెరిచింది. అందుకే నాకు ఇంత కోపం. ఇంటి తలుపు గడియను విక్రేతే తీసేసి, పైన రంగు వేసి అమ్మినట్టుంది ఈ పని.

దుకాణదారుడి మోసం ఒక సగం. ఈ సరుకు ఇంత పెద్ద ఎత్తున మన ఊళ్లవైపు ఎందుకు వస్తోందో తెలిస్తే మిగతా సగం అర్థమవుతుంది. విండోస్ 10 విడుదలైన 2015లో, మైక్రోసాఫ్ట్ ఉద్యోగి ఒకరు సంస్థ సదస్సులోనే ఇది విండోస్‌కు చివరి వెర్షన్ అని చెప్పారు. ఆరేళ్లకు, 2021 అక్టోబరులో, విండోస్ 11 వచ్చింది. అది అధికారికంగా ఎక్కాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ సంస్థ ఇచ్చిన జాబితాలో ఉండాలి. ఇంటెల్ విషయంలో ఆ జాబితా దాదాపుగా ఎనిమిదో తరంతో మొదలవుతుంది. ఆ తర్వాత 2025 అక్టోబరు 14న విండోస్ 10కు ఉచిత మద్దతు ఆపేశారు. ఆ గడువు వల్ల 24 కోట్ల పీసీలు చెత్తకుప్పల పాలు కావచ్చని కెనాలిస్ అనే పరిశోధన సంస్థ 2023 చివర్లోనే అంచనా వేసింది.

భద్రత కోసమే ఈ నిబంధన అని మైక్రోసాఫ్ట్ అంటోంది. తాళపు సంకేతాలను విడిగా దాచే చిప్ మంచిదే, దాన్ని నేను కాదనను. కానీ ఆ చిప్ ఉన్న ఆరో తరం, ఏడో తరం ఆఫీసు ల్యాప్‌టాప్‌లు కూడా ఉన్నాయి. వాటికీ చోటు ఇవ్వలేదు. ఏడో తరానికి ఇచ్చిన కొద్దిపాటి మినహాయింపుల్లో ఒకటి 7820హెచ్‌క్యూ అనే ప్రాసెసర్. అది మైక్రోసాఫ్ట్ స్వయంగా అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2 అనే కంప్యూటరులో ఉండేది. తన సొంత సరుకు దగ్గరికి వచ్చేసరికి వంగిన నిబంధన, కాశీనగర్ విద్యార్థిని దగ్గర ఎందుకు వంగదు? ఈ ప్రశ్నకు ఆ సంస్థ ఇచ్చిన ఏ వివరణా నాకు సమ్మతంగా లేదు. పనిచేస్తున్న కోట్ల యంత్రాలకు ఒక తేదీ రాసిపెట్టి, ఆ నష్టాన్ని వరుసలో చివర నిలబడ్డ వారి మీదకు తోసేశారు.

ఆ వరుస ఎలా సాగుతుందో చూడండి. హైదరాబాదు, బెంగళూరు ఆఫీసులు పాత యంత్రాలను లాట్ల లెక్కన వదిలించుకుంటాయి. అవి టోకు వ్యాపారుల చేతుల మీదుగా జిల్లా కేంద్రాలకు చేరతాయి. విండోస్ 11 అర్హత తనిఖీని దాటవేసే అడ్డదారిలో వాటి మీద విండోస్ 11 ఎక్కిస్తారు. అలా ఎక్కించిన యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగానే చెప్పింది. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ వాటికి తనంతట తాను రాదు. కొన్నవారికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు ఇంకో ఒత్తిడి తోడైంది. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఊడ్చుకుపోతున్నాయి. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థలే ప్రపంచంలో ర్యామ్ అనే ఆ మెమరీని అత్యధికంగా తయారుచేస్తాయి. వాటిలో మైక్రాన్, సాధారణ కొనుగోలుదారుల కోసం నడిపిన క్రూషియల్ బ్రాండును ఆపేస్తున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ర్యామ్ ధర పెరిగితే కొత్త ల్యాప్‌టాప్ ధరా పెరుగుతుంది. మధ్యతరగతి ఇల్లు సెకండ్ హ్యాండ్ వైపు తిరుగుతుంది. మోసగాళ్లకు ఇంతకన్నా మంచి రోజులు ఉండవు. ఈ హెచ్చరిక ఇప్పుడే రాయడానికి కారణం అదే.

ఇక కొనేటప్పుడు చూడవలసింది. ఇంటెల్ 2009 నుంచి ఐ5 అనే పేరునే ఏళ్ల తరబడి వాడింది కాబట్టి స్టిక్కర్ మీది ఐ5 అన్న మాటకు ఏ విలువా లేదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని కింద అబౌట్ తెరిపించండి. ప్రాసెసర్ వరుసలో ఐ5 తర్వాత గీత, ఆ గీత తర్వాత అంకెలు ఉంటాయి. అక్కడ మొదటి అంకె తరం చెబుతుంది: 6300 ఆరో తరం, 7200 ఏడో తరం, 8250 ఎనిమిదో తరం. అంకెలు 1తో మొదలైతే మొదటి రెండూ కలిపి చదవాలి: 10210 పదో తరం, 1135 పదకొండో తరం. ఎనిమిదికి తక్కువైతే ఎంత చవకగా ఇచ్చినా విండోస్ కోసం కొనకండి. ఎనిమిదో తరం కూడా 2017 నాటిదేనని గుర్తుపెట్టుకుని బేరమాడండి. విండోస్ 11కు యంత్రం అర్హమో కాదో చెప్పే పీసీ హెల్త్ చెక్ అనే మైక్రోసాఫ్ట్ యాప్‌ను అక్కడే నడిపించమని అడగండి. వద్దని సాకులు చెబితే లేచి వచ్చేయండి. సీరియల్ నంబరును మీ ఫోనులోనే తయారీ సంస్థ సైటులో చూసుకోండి, దుకాణదారు చూపే తెర మీద చూడకండి. బ్యాటరీ, చార్జరు, హింజీలు ఎలాగూ అందరూ చూస్తారు.

బిల్లు గురించి మన సరిహద్దు వాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. యంత్రం తిరిగి తీసుకోమని బావగారు అడిగితే, ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోం’ అన్నారు. గట్టిగా నిలదీస్తే, ‘మీది ఒడిశా, ఇక్కడికొచ్చి ఏం కేసు వేస్తారు’ అన్నారు. రెండు మాటలూ చట్టం ముందు చెల్లవు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే ముప్పై రోజుల్లోగా, వాపసు తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడమూ అదే కోవలోకి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, కొన్న మనిషి తాను నివసించే చోటే, లేదా పనిచేసే చోటే ఫిర్యాదు వేయవచ్చు. పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. ఇప్పుడు ఆంధ్రలో కొన్న వస్తువు మీద గజపతి జిల్లా వాసి ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌నే ఆశ్రయించవచ్చు. సరిహద్దు అవతలి పాతపట్నం దాటి కొంటే హక్కులు అక్కడే వదిలేసి వచ్చినట్టు అని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. ఆ అపోహే దుకాణదారులకు ధైర్యం. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫిర్యాదు రుసుము కూడా లేదు. గడువు రెండేళ్లు.

ముందుగా 1915కు ఫోను చేయండి. ఆ జాతీయ హెల్ప్‌లైన్‌లో తెలుగులోనూ చెప్పుకోవచ్చు, ఒడియాలోనూ చెప్పుకోవచ్చు. సరైన బిల్లు లేకపోయినా యూపీఐ చెల్లింపు రికార్డు, వాట్సాప్ సంభాషణ సాక్ష్యాలుగా పనికొస్తాయి. అందుకే నగదు ఇవ్వకండి, ‘ఒరిజినల్’ అన్న మాటను ఫోనులో వినడంతో ఆగకుండా రాతలో తెప్పించుకోండి.

ఇప్పటికే కొనేసి ఉంటే, ఫిర్యాదు వేయాలనుకునేవారు యంత్రాన్ని తుడిచేయకండి. తెరలన్నిటినీ ఫోటోలు తీసి, ఇంటర్నెట్ ఆపి, పాస్‌వర్డులన్నీ వేరే పరికరం నుంచి మార్చుకోండి. వాపసు ఆశ లేనివారికి రెండు దారులున్నాయి. ఆఫీసు ల్యాప్‌టాప్‌ల మదర్‌బోర్డులో తయారీ నాటి అసలు లైసెన్సు తరచూ ఉంటుంది కాబట్టి, అంతా తుడిచి విండోస్ 10 మళ్లీ ఎక్కిస్తే సక్రమంగా యాక్టివేట్ కావచ్చు. ఆ మీదట మైక్రోసాఫ్ట్ పొడిగింపు పథకంలో చేరితే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. దానికి 30 డాలర్లు కట్టాలి, లేదా మీ సెట్టింగులను మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతచేయాలి. ఐరోపా దేశాల్లో వినియోగదారుల సంఘాలు పట్టుబట్టాక అక్కడివారికి ఆ జతచేసే షరతును సడలించారు. మనకు సడలించలేదు. ఇక్కడ అడిగేవారు లేరని ఆ సంస్థ లెక్క వేసుకుంది. రెండో దారి, విండోస్ బదులు లైనక్స్ మింట్ వంటి ఉచిత ఆపరేటింగ్ వ్యవస్థ. ఆరో తరం యంత్రం మీద అది హాయిగా నడుస్తుంది, తెలుగు, ఒడియా రెండూ టైపు చేసుకోవచ్చు. కాలేజీ వాళ్లు విండోస్ సాఫ్ట్‌వేరే కావాలంటే మాత్రం అది చాలదు.

మా ఫిర్యాదు 1915లో నమోదైంది. దాని తర్వాత దుకాణం వారు దిగివచ్చి, ఇంకో నాలుగు వేలు కడితే ఎనిమిదో తరం యంత్రం మార్చి ఇస్తామన్నారు. బావగారు ఒప్పుకోలేదు, పూర్తి సొమ్ము అడిగారు. ఆయన చేసింది సరైనదే అని నా అభిప్రాయం. ఇప్పుడు జిల్లా కమిషన్‌కు ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్ ద్వారా వేయడానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాం. యంత్రం బీరువాలో ఉంది, అమ్మాయి కాలేజీ ల్యాబ్‌లో పని చేసుకుంటోంది. విశాఖలో ఇలాగే ఎస్టిమేట్ చీటీతో, ‘2021 మోడల్’ అన్న మాటతో ఆరో తరం ల్యాప్‌టాప్ కొన్నవారు గజపతి, రాయగడ జిల్లాల్లో ఇంకెవరైనా ఉంటే నాకు చెప్పండి. ఒకే రకం నష్టం జరిగినవారు కమిషన్ అనుమతితో కలిసి ఫిర్యాదు వేయడానికి చట్టంలోని 35వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. చీటీ, చెల్లింపు రికార్డు, సీరియల్ నంబర్ ఫోటో దగ్గర పెట్టుకుని రండి.