బస్సూ, బసా: అలబామా దారిలో ఒక ఆర్టీసీ మనిషి

ముప్పై నాలుగేళ్ళు ఆర్టీసీలో చేశాను. కండక్టరుగా చేరి, డిపోలో కుర్చీ దాకా వచ్చి దిగాను. అందుకని ఏ ఊరు వెళ్ళినా నా చూపు ముందు బస్సు మీద, ఆ తరువాత బస మీద పడుతుంది. గుళ్ళూ గోపురాలూ మా ఆవిడ చూసుకుంటుంది.

2024 అక్టోబరులో అట్లాంటా పక్కన అల్ఫరెటాలో ఉండే మా అమ్మాయి దగ్గర ఉన్నాం. వారం రోజులు సెలవు పెట్టి, ఎక్కడికి వెళ్దాం అని అడిగింది. మా ఆవిడ నయాగరా అంది. నేను మాంట్‌గోమరీ అన్నాను. "అక్కడ ఏముందండీ?" అంది. "బస్సు ఉంది" అన్నాను. 1955లో రోజా పార్క్స్ అనే నల్లజాతి ఆవిడ తెల్లవాడి కోసం సీటు ఖాళీ చేయనన్న బస్సు అది. తీరా వెళ్ళాక ఆ బస్సు అక్కడ లేదని తేలింది. ఆ దెప్పిపొడుపులు ఇప్పటికీ పడుతూనే ఉన్నాను.

మేము తిరిగిన వరుస అట్లాంటా, మాంట్‌గోమరీ, సెల్మా, బర్మింగ్‌హామ్, మెంఫిస్. కారు అమ్మాయి నడిపింది. వెనుక సీట్లో రైస్ కుక్కరు, ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా. శాకాహారులు ఈ దారిలో వెళ్తే ఇవి విలాసం కాదు, అవసరం. దక్షిణాది భోజనశాలల్లో ఆకుకూర కనబడగానే సంబరపడవద్దు. దాన్నీ చిక్కుడు గింజలనూ చాలాచోట్ల పంది మాంసం ముక్క వేసి ఉడికిస్తారు, అడిగి తినాలి. గ్రిట్స్ అనే మొక్కజొన్న రవ్వ జావ మాత్రం బాగుంది. ఆవకాయతో ఇంకా బాగుంది.

అట్లాంటాలో మార్టిన్ లూథర్ కింగ్ పేరిట ఉన్న జాతీయ చారిత్రక ఉద్యానానికి ప్రవేశ రుసుము లేదు. ఆబర్న్ అవెన్యూలో 501 నంబరు ఇంట్లో ఆయన 1929 జనవరి 15న పుట్టారు. మరమ్మతుల కోసం ఆ ఇల్లు మూసి ఉండడంతో వీధిలోంచే చూశాం. ఆయన శవపేటికను మోసిన కంచరగాడిదల బండి సందర్శకుల కేంద్రంలో ఉంది. బయట గాంధీ విగ్రహం ఉంది. మనవాళ్ళందరూ దానితో ఫోటో దిగి వెళ్ళిపోతున్నారు, కానీ పక్కనే ఉన్న ఎబెనేజర్ చర్చిలో తప్పకుండా కాసేపు కూర్చోవాలి. కింగ్ 1959లో మన దేశానికి వచ్చినప్పుడు త్రివేండ్రంలో అప్పట్లో అంటరానివారనే పిల్లలు చదివే పాఠశాలకు వెళ్ళారు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయనను "అమెరికా నుంచి వచ్చిన మీ తోటి అంటరానివాడు" అని పరిచయం చేశాడు. కింగ్‌కు మొదట మనసు చివుక్కుమంది. ఆలోచించిన తరువాత, నిజమే, నేనూ అంటరానివాడినే అనుకున్నారు. ఈ సంగతిని 1965 జులై 4న ఈ చర్చిలోనే ప్రసంగంలో చెప్పారు.

తరువాత నేను పట్టుబట్టి కోర్ట్‌లాండ్ వీధికి తీసుకువెళ్ళమన్నాను. చూడడానికి అక్కడ హిల్టన్ హోటల్ తప్ప ఏమీ లేదు. అమ్మాయి పార్కింగ్ డబ్బులకు విసుక్కుంది. ఒకప్పుడు ఆ స్థలంలో 216 గదుల హార్ట్ ఆఫ్ అట్లాంటా మోటెల్ ఉండేది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చి, హోటళ్ళలో రంగు చూసి గది నిరాకరించడాన్ని నిషేధించగానే, దాని యజమాని కోర్టుకెక్కాడు. స్వయానా న్యాయవాది, తన కేసు తానే వాదించుకున్నాడు. ఆ వాదనల్లో ఒకటి వినండి. ఇష్టం లేకపోయినా నల్లవారికి గది ఇమ్మనడం తనచేత వెట్టి చేయించడమేనట, బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ సవరణకు అది విరుద్ధమట! ఆ ఏడాది డిసెంబరు 14న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆయన మాట కొట్టేసింది. అతిథుల్లో నాలుగింట మూడు వంతుల మంది ఇతర రాష్ట్రాల నుంచి వచ్చేవారే కనుక ఇది అంతర్రాష్ట్ర వాణిజ్యం, చట్టం చేసే అధికారం కాంగ్రెస్‌కు ఉంది అంది. బస గురించి ఇంత పెద్ద తీర్పు ఉందని తెలిసినప్పటి నుంచీ ఆ చోటు చూడాలని నాకు కోరిక. ఉద్యోగంలో చేరిన కొత్తలో అద్దె గది కోసం వెళ్ళిన నన్ను ఇంటివారు గుమ్మంలోనే నిలబెట్టి మొదట అడిగిన మాట, "మీరేమిట్లు?" జీతం ఎంత అని తరువాత అడిగారు.

మాంట్‌గోమరీ రెండున్నర గంటల దారి. అలబామాలో అడుగు పెట్టగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది, ఆ గంట లాభం. అక్కడ మేము దిగిన మోటెల్ ఒక గుజరాతీ కుటుంబానిది. గది పాతదే కానీ పక్కలు శుభ్రం, వేడినీళ్ళకు లోటు లేదు. కుక్కరు పొగ చూసి కూడా నవ్వి ఊరుకున్నారు. ఈ యాత్రలో బసకు నా మొదటి మార్కు వారికే.

ఇక బస్సు. 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ సీటు ఖాళీ చేయని బస్సు నంబరు 2857. డిపోలో మాకు బండి నంబరే బండి పేరు, కనుక ఆ సంఖ్య ఎప్పటినుంచో కంఠస్థం. అసలు బండి మిషిగన్ రాష్ట్రంలో డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. ఆమెను అరెస్టు చేసిన చోట కట్టిన రోజా పార్క్స్ మ్యూజియంలో దాని నమూనా ఉంది. కిటికీల్లో మనుషుల బొమ్మలు కదులుతూ ఆనాటి ఘట్టాన్ని చూపిస్తాయి. చిన్న మ్యూజియమే, కానీ బస్సు లోపలి ఏర్పాటును ఇంత వివరంగా మరెక్కడా చెప్పలేదు. మొత్తం 36 సీట్లు. ముందు 10 తెల్లవారివి, వెనుక 10 నల్లవారివి, మధ్యలో 16 డ్రైవరు దయ. తెల్లవారు ఎక్కే కొద్దీ గీత వెనక్కి జరుగుతుంది. నల్లవారు ముందు తలుపు దగ్గర చార్జీ ఇచ్చి, దిగి, వెనుక తలుపులోంచి మళ్ళీ ఎక్కాలి. ఈ లోపల బండి కదిలిపోయినా అడిగేవారు లేరు. చార్జీ తీసుకుని ప్రయాణికుడిని వదిలేసి వెళ్ళే డ్రైవరును మా డిపోలో అయితే మరునాడే సస్పెండ్ చేసేవారం. ఆనాడు పార్క్స్ కూర్చున్నది తెల్లవారి సీట్లో కాదు, మధ్య భాగంలో మొదటి వరుసలో. ఒక్క తెల్లవాడి కోసం ఆ వరుసలో నలుగురినీ లేవమన్నారు. ముగ్గురు లేచారు.

తొమ్మిది నెలల ముందే, మార్చి 2న, క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి ఇలాగే లేవనంటే పోలీసులు పట్టుకుపోయారు. బస్సుల్లో వేరుపాటును కొట్టేయించిన కేసులో వాదుల్లో ఆమె ఉంది, పార్క్స్ లేరు.

మా జీవితమంతా ఉద్యోగుల సమ్మెలు చూశాం. ప్రయాణికుల సమ్మె చూడలేదు. పార్క్స్ అరెస్టుతో మొదలై ఇక్కడ 381 రోజులు సాగింది. బస్సెక్కేవారిలో నాలుగింట మూడు వంతులు నల్లవారే, వారంతా ఒక్కసారిగా మానేశారు. అది సరే, మరి పనికి ఎలా వెళ్ళాలి? దాదాపు మూడు వందల కార్లు, ఊరంతా నలభైకి పైగా స్టాపులు, పొద్దుటి డ్యూటీకి ఒక పట్టిక, సాయంత్రానికి ఒకటి. నల్లజాతి టాక్సీ డ్రైవర్లు మొదట్లో బస్సు చార్జీ పది సెంట్లకే ఎక్కించుకున్నారు. నగర పాలకులు కనీస చార్జీ 45 సెంట్ల నిబంధన బయటికి తీశారు. కార్లకు బీమా రద్దు చేయించారు. అయితే ఉద్యమకారులు లండన్‌లోని లాయిడ్స్ అనే బీమా సంస్థ నుంచి బీమా తెచ్చుకున్నారు. షెడ్యూలు వేయడం ఎంత తలనొప్పో తెలిసిన వాడిగా చెబుతున్నాను, ఆ పట్టికల ముందు నేను అరగంట నిలబడ్డాను. మా ఆవిడ బయట బెంచీ మీద కూర్చుని కునికిపాట్లు పడింది.

ఆమెకు నచ్చింది సౌత్ జాక్సన్ వీధిలో, ఆ సమ్మెకు నాయకుడైన కింగ్ కాపురమున్న పాస్టరు ఇల్లు. వెంట ఉండి చూపిస్తారు, ముందుగా మాట్లాడుకుని వెళ్ళాలి. వరండాలో 1956 జనవరి 30న బాంబు పడిన చోటు గుర్తు పెట్టి ఉంచారు. అప్పుడు ఇంట్లో కోరెటా, చంటిబిడ్డ ఉన్నారు. దెబ్బలు తగలలేదు. దానికి మూడు రాత్రుల ముందు చంపుతామని ఫోను వస్తే, నిద్రపట్టక కాఫీ కలుపుకుని ఆయన కూర్చుని ప్రార్థించిన వంటగది బల్ల లోపల ఉంది. పెద్ద పెద్ద మ్యూజియాల్లో కదలని మా ఆవిడ, ఆ వంటగది గుమ్మంలో మాట్లాడకుండా నిలబడిపోయింది.

మరునాడు పొద్దున నల్లవారి బానిసత్వ చరిత్ర చెప్పే లెగసీ మ్యూజియం, అదే సంస్థ కట్టిన స్మారకం చూశాం. శిల్పాల ఉద్యానంతో కలిపి మూడింటికీ టికెట్టు అయిదు డాలర్లే. ఈ దేశంలో ఇంత చవకగా ఇంత చూపించేది నాకు తారసపడలేదు. ఒక చోటి నుంచి మరో చోటికి వారే బస్సు నడుపుతారు. సమయపాలనకు పదికి పది వేశాను. లోపల ఫోటోలు తీయనివ్వరు, మంచిదే. కొండ మీది స్మారకంలో ఎనిమిది వందలకు పైగా తుప్పు రంగు ఉక్కు దిమ్మెలు, కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఒకటి. మూకలు చంపిన 4,400 మందికి పైగా మనుషుల పేర్లు వాటి మీద ఉన్నాయి. మొదట దిమ్మెలు మన ఎత్తులో ఎదురుగా ఉంటాయి. నడిచే కొద్దీ నేల కిందికి దిగుతుంది, దిమ్మెలు తల పైకి లేస్తాయి. చివరికి వేలాడుతున్న వాటి కింద నిలబడి తలెత్తి చూస్తాం. మోకాళ్ళ నొప్పులున్నవారు తొందర పడవద్దు. దీన్ని, బస్సు మ్యూజియాన్ని ఒకే రోజు పెట్టుకోకండి.

సెల్మాకు 80వ నంబరు హైవే. 1965 మార్చి 21 నుంచి 25 దాకా ఉద్యమకారులు నల్లవారి ఓటు హక్కు కోసం 54 మైళ్ళు నడిచింది ఈ రోడ్డు మీదనే, అయితే అటు నుంచి ఇటు. రాత్రి బసలు ఎక్కడా అని చూస్తే, దారిలో హోటళ్ళు కాదు, పొలాలు. డేవిడ్ హాల్, రోజీ స్టీల్, రాబర్ట్ గార్డ్‌నర్ అనే నల్లజాతి రైతులు తమ చేలల్లో గుడారాలు వేయనిచ్చారు. ఆ సంగతి తెలిస్తే తెల్లవారు ఏమి చేస్తారో తెలియని వారు కాదు. మధ్యదారిలో లౌండ్స్ కౌంటీ సందర్శకుల కేంద్రం దగ్గర తప్పకుండా ఆగాలి. ఆ కౌంటీ జనంలో అయిదింట నలుగురు నల్లవారు. 1965 మొదట్లో ఓటరు జాబితాలో వారిలో ఒక్కరి పేరూ లేదు. పేరు నమోదు చేయించుకున్న కౌలు కుటుంబాలను భూస్వాములు ఇళ్ళు ఖాళీ చేయిస్తే, ఇప్పుడు ఆ కేంద్రం ఉన్న చోటే గుడారాలు వేసుకుని బతికారు.

సెల్మాలో ఎడ్మండ్ పెటస్ వంతెన మీద నడవండి, కారులో దాటితే ఏమీ తెలియదు. వంతెన మధ్యలో ఎత్తుగా ఉంటుంది, నడిమికి చేరేదాకా అవతలి ఒడ్డు కనబడదు. ఆ నడకకు రెండు వారాల ముందు, మార్చి 7న, ఇదే హక్కు కోసం బయలుదేరిన ఆరు వందల మందికీ లాఠీలతో నిలబడ్డ పోలీసులు అక్కడికి చేరాకే కనబడ్డారు. ముందు వరుసలో ఉన్న ఇరవై అయిదేళ్ళ జాన్ లూయిస్ వీపున సంచి ఉంది. అందులో ఒక ఆపిల్, ఒక నారింజ, రెండు పుస్తకాలు, పళ్ళు తోముకునే బ్రష్. రాత్రి బస జైల్లోనే అని సర్దుకుని బయలుదేరాడు. చివరికి తల పగిలి ఆసుపత్రిలో పడుకున్నాడు. ఆ తన్నులు టెలివిజన్‌లో దేశం చూసింది. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం మీద సంతకం చేసిన అధ్యక్షుడు జాన్సన్, అదే ఏడాది అక్టోబరు 3న కొత్త వలస చట్టం మీదా సంతకం చేశారు. అంతకు ముందు భారతదేశం మొత్తానికి ఏడాదికి వంద మంది కోటా. వంతెన మీద నిలబడి అమ్మాయికి ఈ లెక్క చెప్పాను. "అంటే నా వీసా కూడా..." అని ఆగిపోయింది.

సెల్మాలో బస నిరాశ. 2023 జనవరిలో సుడిగాలి కొట్టిన దెబ్బ ఊరిలో ఇంకా కనబడుతోంది, తినడానికీ ఉండడానికీ చోట్లు తక్కువ. మేము తీసుకున్న హైవే పక్క గది నిండా సిగరెట్టు కంపు. పొగ తాగని గదే బుక్ చేశామని చూపిస్తే, మరొకటి లేదన్నారు, డబ్బు తిరిగి ఇచ్చేది లేదన్నారు. మా ఆవిడకు ఆయాసం. రాత్రి తొమ్మిదింటికి బయలుదేరి తొంభై మైళ్ళు నడిపి బర్మింగ్‌హామ్ చేరాం. దారిలో అమ్మాయి ఫోను చేతికిస్తే నేనే వెతికాను, ఏడు హోటళ్ళలో గదులు చూపించింది. దొరకదేమో అనే అనుమానమే రాలేదు. ఒకప్పుడు ఇదే రోడ్డు మీద కారున్న నల్లజాతి కుటుంబాలు చీకటి పడితే ఎక్కడ ఆగాలో చూసుకోవడానికి ఒక చిన్న పుస్తకం ఉంచుకునేవి. విక్టర్ హ్యూగో గ్రీన్ అనే హార్లెం పోస్ట్‌మ్యాన్ 1936 నుంచి అచ్చువేయించిన గ్రీన్ బుక్ అది.

బర్మింగ్‌హామ్‌లో 1963 సెప్టెంబరు 15న నలుగురు ఆడపిల్లలను చంపిన బాంబు పేలింది పదహారో వీధి బాప్టిస్టు చర్చిలో. వేల్స్ దేశ ప్రజలు చందాలు వేసుకుని పంపిన రంగుటద్దాల కిటికీలో నల్ల క్రీస్తు ఉన్నాడు. ఎదుటి పార్కులో పోలీసు కుక్కల విగ్రహాల మధ్య నుంచి దారి వెళ్తుంది, చిన్నపిల్లలు బెదరవచ్చు. రెండు అడుగుల్లో గాస్టన్ మోటెల్. 1954లో ఎ. జి. గాస్టన్ అనే నల్లజాతి వ్యాపారి కట్టాడు. కింగ్ బృందం ఉద్యమం నడిపింది 30వ నంబరు గది నుంచి. 1963 మే 11న దాని మీదా బాంబు వేశారు. బస ఇచ్చినందుకు శిక్ష.

మెంఫిస్ నాలుగు గంటల దారి. ఇక్కడ తప్పు నాదే. సోమవారం సాయంత్రం చేరి, కింగ్‌ను కాల్చిచంపిన లొరైన్ మోటెల్లో ఉన్న మ్యూజియం మంగళవారం చూద్దాం అనుకున్నాం. మంగళవారం దానికి సెలవు. ఈ యాత్రకు ముందు ఏ ఊరిలో ఏ రోజు మూస్తారో రాసుకోండి, ప్రతి ఊరికీ వేరు. అయితే ఆ మోటెల్ ముంగిట నిలబడడానికి టికెట్టు అక్కరలేదు. కింద రెండు పాత కార్లు, పైన బాల్కనీ కమ్మీకి పూలచక్రం. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం.

బుధవారం లోపలికి వెళ్తే, మొత్తానికి నా బస్సు దొరికింది. ఎక్కి కూర్చోనిచ్చే బస్సు. కూర్చుంటే లేవమని డ్రైవరు గొంతు గద్దిస్తుంది. మా ఆవిడ లేవలేదు, కాళ్ళు నొప్పులంది. చెత్త లారీ కూడా ఉంది. 1968 ఫిబ్రవరి 1న వానకు లారీ వెనుక తలదాచుకున్న ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు యంత్రంలో నలిగిపోతే 1,300 మంది సమ్మెకు దిగారు. కింగ్ ఈ ఊరు వచ్చింది వారి కోసం.

చివర 306వ గది, అద్దం వెనుక నుంచి చూడాలి. సర్దని పక్క, తాగిన కప్పులు. ఏప్రిల్ 4 సాయంత్రం ఆయన ఆ గది ముందు బాల్కనీలో నిలబడి ఉండగా కాల్చారు. యజమాని వాల్టర్ బెయిలీ భార్య లొరీ పేరు మీదే ఆ మోటెల్. ఆమె ఆ రోజే కుప్పకూలి, కింగ్ అంత్యక్రియలు జరిగిన ఏప్రిల్ 9న చనిపోయింది. 306ను బెయిలీ మళ్ళీ ఎవరికీ అద్దెకివ్వలేదు. మిగతా గదులు మాత్రం తరువాత కూడా ఏళ్ళ తరబడి నడిపాడు. మోటెల్ కదా, అద్దెలు రావాలి.