మెషీన్ ఒక కంపెనీది, బ్లేడు ఇంకో కంపెనీది: ఏడేళ్ళ వాడకం తర్వాత

సర్క్యులర్ సా, అంటే గుండ్రటి పళ్ళ బ్లేడుతో చెక్క కోసే చేతి మెషీన్, దాంతో పాటు డబ్బాలో వచ్చిన బ్లేడు నా దగ్గర ఎనిమిది నెలలు కూడా నిలవలేదు. తప్పు దానిది కాదు. దేవరకొండ వైపు ఒక పాత ఇల్లు విప్పితే వచ్చిన టేకు దూలాలు కోస్తున్నాను. లోపల ఎప్పుడో విరిగి ఉండిపోయిన మొల తగిలింది, నాలుగు పళ్ళు ఒకేసారి పోయాయి. మా దగ్గర సగం పని ఇలాంటిదే. తాతలనాటి దూలాన్ని చీల్చి కొత్త ఇంటికి దర్వాజ చేయమంటారు. ఇవాళ్టి టేకు ధర చూస్తే వాళ్ళనేమీ అనలేం.

అదే కంపెనీ బ్లేడు కోసం నల్లగొండ ప్రకాశం బజారులో మూడు షాపులు తిరిగాను. 24 పళ్ళది దొరికింది, నాకు కావలసిన 40 పళ్ళది దొరకలేదు. మూడో షాపు సేటు వేరే కంపెనీ బ్లేడు చేతిలో పెట్టి, "ఏం గాదన్నా, రింగేస్తే సెట్టయితది" అన్నాడు. ఆ మాటలో సగమే నిజమని తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఈ ఏడేళ్ళలో ఐదు కంపెనీల బ్లేడ్లు, లెక్కపెడితే పదహారు, ఇదే మెషీన్‌కు బిగించాను. కంపెనీ పేర్లు రాయడం లేదు. ఒకే కంపెనీ మంచి రకమూ అమ్ముతుంది, నాసి రకమూ అమ్ముతుంది. పేరు చూసి కొన్నవాటిలో రెండు నన్ను ముంచాయి.

నాది 7 అంగుళాల మెషీన్. షాఫ్టు మీద బ్లేడు కూర్చునే చోటు 25.4 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అంగుళం. ఖాళీగా తిరిగే వేగం నిమిషానికి 5,500 చుట్లు. బజారులో 7 అంగుళాల బ్లేడు అని అడిగితే 180, 184, 185, 190 మిల్లీమీటర్లవి అన్నీ ఇస్తారు. మధ్య రంధ్రం 16, 20, 25.4, 30 ఏదైనా ఉండొచ్చు. 30 రంధ్రం ఉన్న బ్లేడుకు లోపల 25.4 రింగు వేసి బిగించడం తప్పేమీ కాదు, ఇప్పుడు నా మెషీన్ మీద ఉన్నది కూడా అలాంటిదే. కాకపోతే రింగు సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు.

రింగు మందం బ్లేడు రేకు, అంటే పళ్ళు కాకుండా మిగిలిన బిళ్ళ, మందం కన్నా ఒక వెంట్రుకవాసి తక్కువ ఉండాలి. నేను రెండోసారి కొన్న బ్లేడు రేకు 1.6 మిల్లీమీటర్లు, దాంతో ఇచ్చిన రింగు 1.8. బోల్టు గట్టిగానే బిగించాను. కానీ రెండు పక్కల ఫ్లాంజి బిళ్ళలు పట్టుకున్నది బ్లేడును కాదు, రింగును. చెక్కలోకి దించగానే షాఫ్టు తిరుగుతోంది, బ్లేడు జారుతోంది. మద్ది చెక్క మీద నల్లటి గీత, పొగ. మొద్దుబారిందనుకుని ఇంకా ఒత్తాను. అరగంట అయ్యాక విప్పి చూస్తే రింగు నీలంగా మారి ఉంది. ఆ రోజే మందం కొలిచే డిజిటల్ వెర్నియర్ కొన్నాను. నా పెట్టెలో ఇంత పనికొచ్చిన వస్తువు ఇంకోటి లేదు.

25 మిల్లీమీటర్ల రింగు మరో తలనొప్పి. పైన 25 అని ఉంటుంది, అంగుళమే కదా అనిపిస్తుంది. షాఫ్టు మీద ఎక్కదు. నా దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లగాడు గుండ్రటి ఆకురాయితో గీకి ఎక్కించాడు, పైగా సంబరంగా చూపించాడు. ఒకవైపు ఎక్కువ అరిగితే బ్లేడు కేంద్రం పక్కకు జరుగుతుంది. అప్పుడు 40 పళ్ళున్నా ఒక పక్కవే చెక్కను తాకుతాయి, మెషీన్ చేతిలో గడగడలాడుతుంది. లేత్ మీద రంధ్రం పెంచి ఇస్తామనేవాళ్ళు కూడా ఉన్నారు. నేను ఇవ్వను. 184 మిల్లీమీటర్ల బ్లేడు 5,500 చుట్లు తిరుగుతుంటే పంటి వేగం గంటకు 190 కిలోమీటర్లు దాటుతుంది. అంత వేగంతో నా ముఖానికి మూరెడు దూరంలో తిరిగేదాని రంధ్రం ఎవరో గీసి పెంచినది కావడం నాకు ఇష్టం లేదు.

బ్లేడు మీద రాసిన ఆర్పీఎం (నిమిషానికి చుట్లు) మెషీన్ ఆర్పీఎం కన్నా ఎక్కువ ఉండాలన్నది చాలామందికి తెలుసు. అయినా మార్బుల్ కట్టర్‌కు చెక్క బ్లేడు వేసి ప్లై కోసేవాళ్ళను మిర్యాలగూడ నుంచి మహబూబ్‌నగర్ దాకా ఏ ఊళ్ళో చూసినా కనిపిస్తారు. నేనూ మొదట్లో చేశాను. ఆ చిన్న కట్టర్ పన్నెండు, పదమూడు వేల చుట్లు తిరుగుతుంది, కింద బ్లేడు మీదికి మూసుకునే గార్డు ఉండదు. ఇక గార్డు తీసేసిన, ఇనుము కోసే గ్రైండర్‌కు పళ్ళ బ్లేడు బిగించేవాళ్ళ దగ్గర నేను నిలబడను కూడా.

నాకు అన్నిటికన్నా ఖరీదైన పాఠం సన్న బ్లేడుతో వచ్చింది. 2018 జనవరి నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. కానీ నాట్ల రోజుల్లో మోటార్లన్నీ ఒకేసారి నడిస్తే ఊరి చివరి ఇంట్లో వోల్టేజీ పడిపోతుంది. హాలియా దగ్గర అలాంటి ఇంట్లో పని. మెషీన్ మూలుగుతూ కోస్తోంది. సన్నగా కోసే బ్లేడు వేస్తే మోటారు మీద భారం తగ్గుతుందని ఎవరో చెబితే తెచ్చాను. అది కోసే సందు 1.8 మిల్లీమీటర్లు. మొదటి రెండు కోతలు వెన్నలా సాగాయి. మూడో కోత పొడవుగా పోవాలి, జానెడు వెళ్ళాక మెషీన్ అడుగు కూడా ముందుకు కదలదు. కారణం బ్లేడు వెనక ఉండే కత్తిలాంటి ఆకు, రివింగ్ నైఫ్. నా మెషీన్‌లో దాని మందం 2 మిల్లీమీటర్లు. 1.8 సందులోకి 2 మిల్లీమీటర్ల ఆకు ఎట్లా దూరుతుంది?

అప్పుడు చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆకు విప్పి పక్కన పెట్టాను. కోస్తున్నది వేప, పూర్తిగా ఆరలేదు. కోసిన సందు వెనక నుంచి మూసుకుని బ్లేడును పట్టేసింది, మెషీన్ వెనక్కి తన్నింది. గార్డు పడింది కాబట్టి ప్యాంటు చిరగడంతో సరిపోయింది. మా ఆవిడకు మాత్రం తలుపుకు తగిలి చిరిగిందని చెప్పాను.

లెక్క ఇప్పుడు కంఠతా వచ్చు: రేకు మందం ఆకు కన్నా తక్కువ, పళ్ళు కోసే సందు ఆకు కన్నా ఎక్కువ. నా 2 మిల్లీమీటర్ల ఆకుకు 1.6 రేకు, 2.4 లేదా 2.6 కోత ఉన్న బ్లేడు ఏ కంపెనీదైనా సరే. ఈ రెండు అంకెలు మంచి బ్లేడు మీద ముద్రించే ఉంటాయి. లేకపోతే నేను కొనను. 180 బ్లేడు వేస్తే ఇంకో సంగతి ఉంది. ఆకుకూ పళ్ళకూ మధ్య ఎడం ఐదు మిల్లీమీటర్లు దాటకూడదు, కాబట్టి ఆకును జరిపి మళ్ళీ బిగించుకోవాలి. ఆ వోల్టేజీ బాధకు చివరికి మందు బ్లేడులో దొరకలేదు. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు తీసేసి మందమైన 2.5 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు చుట్ట కొన్నాక చాలావరకు తగ్గింది.

పళ్ళ విషయానికి వస్తే నా దగ్గర మూడు ఉంటాయి. దూలం నిలువుగా చీల్చడానికి 24, అడ్డంగా కోయడానికి 40, సన్‌మైకా అతికించిన ప్లైకి 60. అన్నీ ఒకటే కంపెనీవి కావాలని లేదు, నావి మూడూ మూడు కంపెనీలవి. 24, 40 చవకవే తీసుకుంటాను, ఎందుకంటే మొల ఏ దూలంలో దాక్కుందో దేవుడికే తెలియాలి. 60 దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. నాసి రకంలో పంటి కొసన అతికించిన కార్బైడ్ అనే గట్టి ముక్క గోరంత కూడా ఉండదు, ఒకసారి సాన పట్టగానే అయిపోతుంది. మంచిదానికి మూడింతలు పెట్టాను, నాలుగేళ్ళు నడుస్తోంది. దాని పళ్ళు ఒకటి చదునుగా, పక్కది రెండు మూలలు చెక్కేసినట్టు ఉంటాయి. సన్‌మైకా మీద పెచ్చులు లేవడం దాంతోనే తగ్గింది. ఈ మెషీన్‌లో పన్ను కింది నుంచి పైకి కోస్తుంది కాబట్టి మంచి ముఖం కింద పెట్టి కోయాలి. ఆ అలవాటు లేకపోతే ఎంత ఖరీదు బ్లేడైనా అంచు పాడవుతుంది.

వేప జిగురు పళ్ళకు పట్టి గట్టిపడితే బ్లేడు మొద్దుబారినట్టే అనిపిస్తుంది. నేను రెండు మంచి బ్లేడ్లను అలా అనవసరంగా సానకు పంపాను. ఇప్పుడు ముందు వేడినీళ్ళలో వంటసోడా వేసి గంట నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్ది, తుడిచి ఆరబెడతాను. సగం సార్లు అదే చాలు.

బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు పీకడం, బాణం గుర్తు మెషీన్ బాణంతో కలవడం, ఇవి ఏ కంపెనీకైనా మారవు. కొత్తది బిగించాక చేత్తో ఒక చుట్టు తిప్పి గార్డుకు ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకుంటాను. తర్వాత పక్కకు నిలబడి అరనిమిషం ఖాళీగా నడిపిస్తాను. చవక బ్లేడు వంకర ఉంటే అప్పుడే పళ్ళ అంచు మసకగా, వెడల్పుగా కనిపిస్తుంది. అలా కనిపించినవి రెండు అదే రోజు షాపుకు తిరిగి ఇచ్చాను. ఒకాయన మార్చి ఇచ్చాడు, ఇంకో షాపులో మాత్రం "కోయకముందే ఎట్ల తెలిసిందన్నా" అని పెద్ద పంచాయితీ అయింది.

60 పళ్ళది ఇప్పుడు మూడోసారి సానకు వెళ్ళింది. కార్బైడ్ ముక్కలు బాగా చిన్నవయ్యాయి. ఇంకోసారి పడుతుందో లేదో చూసి ఫోన్ చేస్తానన్నాడు సాన పట్టే ఆయన.