పెరటి ర్యాంప్‌కి స్కేట్‌లైట్: షీటు మంచిదే, అసలు పని చిల్లుల దగ్గరుంది

పెరట్లో కట్టే క్వార్టర్ పైప్, అంటే స్కేట్‌బోర్డు మీద ఎక్కి దిగే వంపు ర్యాంప్, ఎండకీ వానకీ అక్కడే పడి ఉంటుంది. అలాంటిదాని పై పొరకి స్కేట్‌లైట్‌ని మించింది లేదు. కాగితం పొరల్ని రెజిన్‌లో తడిపి, వేడిమీద గట్టిగా నొక్కి చేసే షీటు ఇది. మేసొనైట్ (కలప పీచుని నొక్కి చేసే పలక) వానకి తడిసిందంటే అంచులు ఉబ్బిపోతాయి. ఉత్త ప్లైవుడ్ పొరలు లేస్తుంది, పడ్డవాళ్ల మోచేతుల్లో పేళ్లు దిగుతాయి. స్కేట్‌లైట్‌కి ఆ జబ్బులు లేవు, చక్రాలు కూడా దీనిమీద వేగం పోకుండా సాగుతాయి.

అయితే ర్యాంప్‌కి బలం ఇచ్చేది ఈ పావు అంగుళం షీటు కాదు. దీని కింద 3/8 అంగుళం ప్లైవుడ్ రెండు పొరలు, వాటి కింద 8 అంగుళాలకొకటి చొప్పున 2×4 (అంగుళాల) అడ్డచెక్కలు ఉండాలి. కలప మిగుల్చుకుందామని ఎడం పెంచితే, బరువు పడ్డప్పుడల్లా షీటు దిగి లేస్తూ స్క్రూల చుట్టూ పగుళ్లిస్తుంది.

3 అడుగుల ఎత్తు, 7 అడుగుల వ్యాసార్ధం, 8 అడుగుల వెడల్పు అనుకుంటే వంపు పొడవు దాదాపు 6 అడుగుల 9 అంగుళాలు వస్తుంది. 4×8 అడుగుల షీట్లు రెండు సరిపోతాయి: ఒకటి నిండుగా, రెండోది 2 అడుగుల 9 అంగుళాలకి కోసి. కోసిన ముక్కని కిందే వేయండి, దాని అంచు, ర్యాంప్‌ని నేలకి కలిపే ఇనుప రేకు కిందికి పోతుంది. మధ్య ప్లైవుడ్ పొరలో మాత్రం నిండు షీటు కిందకి రావాలి, అప్పుడు అతుకు మీద అతుకు పడదు. అతుకులొచ్చే చోట్ల అడ్డచెక్కలు జంటగా పెట్టాలి.

ఎక్కువమంది షీటు పాడుచేసుకునేది చిల్లుల దగ్గరే. ప్లైవుడ్‌కి కొట్టినట్టు నేరుగా స్క్రూ దింపితే షీటు చిట్లుతుంది. ముందు స్క్రూ కాడకన్నా 1/16 అంగుళం పెద్ద చిల్లు వేసి, తల మునిగేలా పైన గుంత తీయాలి. ఎండకీ తేమకీ షీటు సాగి ముడుచుకుంటుంది. చిల్లు బిగుతుగా ఉంటే కదలడానికి చోటులేక ఉబ్బెత్తుగా లేస్తుంది. అందుకే షీట్ల మధ్య కూడా 1/8 అంగుళం సందు వదలాలి. తల పైకి తేలితే చక్రానికి తగులుతుంది, మరీ లోతుకి దింపితే కింద పట్టు మిగలదు. కార్బైడ్ బిట్లు, కార్బైడ్ పళ్ల బ్లేడు తప్పనిసరి. కోసేటప్పుడు లేచే దుమ్ము చాలా సన్నం, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు.

షీటుని వంచే ముందు కాసేపు ఎండలో పెడితే మాట వింటుంది. కింది అంచుని బిగించి, ఇద్దరు పైన నిలబడి ఒక్కో వరుసా పైకి బిగించుకుంటూ పోవాలి.

కోపింగ్‌కి, అంటే ర్యాంప్ పై అంచున పెట్టే ఇనుప పైపుకి, గాడి కోసేటప్పుడు ఈ పావు అంగుళాన్ని మర్చిపోతారు. మూడు పొరలూ కలిపి మందం 1 అంగుళం. బయటి వ్యాసం 2 3/8 అంగుళాలున్న పైపు, పొరలన్నీ పడ్డాక కూడా పైకి 3/8 అంగుళం కనిపించాలి. ప్లైవుడ్‌తోనే లెక్కాపితే పైపు లోపలికి పోయి, ట్రక్కు (బోర్డు కింద చక్రాలుండే ఇరుసు) దానిమీద కుదురుకోదు.

లోపాలూ ఉన్నాయి. ప్లైవుడ్‌కన్నా ఖరీదు, బరువు బాగా ఎక్కువ. ముదురు రంగుది నడి ఎండలో చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. కొత్తలో కాస్త జారుతుంది, కొన్నాళ్లు తిరిగితే సర్దుకుంటుంది. వానకి టార్పాలిన్ కప్పితే తేమ లోపలే ఉండి, షీటు బాగానే ఉన్నా కింది ప్లైవుడ్ కుళ్లుతుంది. కప్పకుండా, చట్రాన్ని ఇటుకల మీద ఎత్తి కిందినుంచి గాలి ఆడనివ్వండి.